గేటు గంట తరవాతే రైలు కూత

నా కొడుకు పోయాడని నాకు మొదట చెప్పినవాడు ఒక ఖైదీ. శ్రావణమాసం, శుక్రవారం పొద్దున్న. వాకిట్లో కళ్ళాపి జల్లి తలెత్తేసరికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద. ఒక చేతిలో మా వాడి గొడుగు, ఇంకో చేతిలో మా వాడి గుడ్డసంచీ. నాకు ముందు గొడుగే కనిపించింది. మా వాడు ఎక్కడో మర్చిపోయి ఈ మనిషి చేత పంపాడు కాబోలు అనుకున్నాను. ఆ ఒక్క క్షణం దాకా నాకు కొడుకున్నాడు.

"దాయీ" అన్నాడు. ఇక్కడివాళ్ళు అమ్మని అలా పిలుస్తారు. వీధి మలుపు వైపు చూశాడు. అక్కడ ఎడ్లబండి ఆగి ఉంది. దాని మీద వెదురు తడక కప్పి ఉంది.

మా వాడిని లోపలికి తెచ్చి పడుకోబెట్టి, నా కాళ్ళు ముట్టుకుని, ఆ మనిషి నేరుగా జైలు గేటుకి నడిచి వెళ్ళిపోయాడు. అప్పటికే ఒక రోజు ఆలస్యం అయ్యాడు. ఆ ఒక్క రోజు గురించే నేనీ కాగితం రాస్తున్నాను.

రాయపూర్‌లో మన తెలుగువాళ్ళ సంఘం పత్రికలో వాడి గురించి రాయమని అడిగారు. నేను చదివింది రెండో క్లాసు. తప్పులుంటే దిద్దండి గాని మాట మార్చకండి అని చెప్పాను. గొప్పగా రాయడం నాకు రాదు, వాడికి నచ్చదు కూడా.

మాది విజయనగరం వైపు. వాడి నాన్నగారు ఇక్కణ్ణించి ధంతరీకి వెళ్ళే చిన్న రైలు లైనులో పాయింట్లు మార్చే పని చేసేవారు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆ రైలే నాకు గడియారం. సాయంత్రం చిన్న రైలు కూత వినపడగానే ఎసరు పెట్టేదాన్ని. ఆయన చేతులు కడుక్కునేసరికి అన్నం ఉడికేది. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. వాడిని చదివించుకున్నాను. వాడు జైలు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు.

జైలు గుమాస్తా అంటే వీధిలో వెటకారం. ఎదురింటావిడ రోజూ సాయంత్రం వాడు రాగానే, "ఏటి బాబూ, ఇవాళ విడిచిపెట్టేరా నిన్ను?" అని అడిగేది. "ఇవాళకి ఛుట్టీ ఇచ్చేరు పిన్నీ, రేపు మళ్ళీ పట్టుకుపోతారు" అనేవాడు. ఒక పెళ్ళి సంబంధం ఆ ఉద్యోగం పేరు వినే వెనక్కి పోయింది. వాడు దానికీ నవ్వాడు. నాకే ఒళ్ళు మండింది.

వాడు నోటితో ఖైదీ అనేవాడు కాదు. మనిషి అనేవాడు. "ఇవాళ ఇద్దరు మనుషులు వెళ్ళేరమ్మా" అంటే ఇద్దరికి సెలవు దొరికిందని. జైల్లో మంచిగా నడుచుకున్నవాళ్ళని కొన్నాళ్ళు ఇంటికి పంపుతారు, మళ్ళీ ఫలానా రోజు సాయంత్రం గేటు గంట కొట్టేలోగా వచ్చేయాలి. పెరోల్ అంటారు దాన్ని. పొలం పని ఉందనో, ఇంట్లో జబ్బనో అడుగుతారు. ఎవరు ఏం నేరం చేశారో వాడు నాకు చెప్పేవాడు కాదు, నేనూ అడగలేదు. వాళ్ళు తప్పు చేయలేదని నేననను.

సెలవు మీద వెళ్ళినవాడు వచ్చాడా లేదా అని రాయడమే వాడి పని. వస్తే నల్లసిరా, రాకపోతే ఎర్రసిరా. రెండే గడులు. మూడేళ్ళు అలాగే రాశాడు. పై ఆఫీసువాళ్ళు ఆ ఎరుపు చూసి, ఫలానా వైపు పల్లెల వాళ్ళు నమ్మకస్తులు కారు, వాళ్ళకి సెలవు తగ్గించండి అని రాశారు. ఆ కాగితం చదివిన రోజు వాడు అన్నం తినలేదు. "నేను రాసిందాన్ని బట్టే ఇలగ రాసేరమ్మా. నేను రాసింది నిజమేనా?" అన్నాడు.

చిన్నప్పట్నించీ వాడిది అదే గొడవ. ఎందుకు, ఎందుకు అని. పాలు ఎందుకు పొంగుతాయి, నాన్న ఎందుకు ఆలస్యం. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఒక్కసారి ఎందుకని అడిగితే బాగుండునని ఊరంతా తిరుగుతున్నాను.

ఆ రిజిస్టరులో పేర్లన్నీ ఒక్కొక్కటిగా తీసి చూడాలన్నాడు. పగలు ఆఫీసు పని, సాయంత్రం ఇంటి దగ్గర ఇది. నాకు అంకెలు ఎక్కువ రావు గనక చింతపిక్కలు తెమ్మన్నాడు. పులుసుకి చింతపండు పిసికాక పిక్కలు కడిగి ఎండబెట్టడం మా ఇంట్లో మామూలే. గచ్చు మీద ఒక వైపు తెల్లగా అరగదీస్తే పిక్కలాటకి పనికొస్తాయి. ఇక్కడా అదే. వచ్చిన మనిషికి నల్లపిక్క, రాని మనిషికి అరగదీసిన పిక్క. రెండు పిడతలు. వాడు చదవడం, నేను వేయడం. ఎదురింటావిడ తొంగి చూసి, "తల్లీ కొడుకులు పందెం కాస్తన్నారా, నన్నూ కలుపుకోండి" అంది.

ఒక సాయంత్రం నాకు అరగదీసిన పిక్కలు చాల్లేదు. అరగదీసి అరగదీసి వేళ్ళు కాయలు కాశాయి. విసుగొచ్చి, "ఇంతమంది పారిపోయేర్రా? ఏ ఊళ్ళు వీళ్ళవి?" అన్నాను. వాడు ఊళ్ళ పేర్లు చదవసాగాడు. అన్నీ నాకు తెలిసిన పేర్లే. వాడి నాన్న నిద్రలో కలవరించే స్టేషన్ల పేర్లు. అన్నీ చిన్న రైలు ఆగే ఊళ్ళు, దాని చుట్టుపక్కల పల్లెలు.

సరిగ్గా అప్పుడే జైలు గంట వినపడింది. నేను పొయ్యి దగ్గరికి లేవబోయి, ఇంకా కూత వినపడలేదు కదా అని కూర్చున్నాను. కాస్సేపటికి చిన్న రైలు కూసింది. లేచి ఎసరు పెడుతూ అన్నాను: "ఒరే నాన్నా, గేటు గంట ముందు, రైలు కూత తరవాత. రోజూ ఇంతే కదరా. ఆ రైల్లో దిగినవాడు గంట వేళకి ఎలగొస్తాడు?"

వాడు ట్రంకుపెట్టెలోంచి వాడి నాన్న పాత టైం కాగితం తీశాడు. ఆ లైను మీద ఇటు వచ్చే రైలు రోజుకి అదొక్కటే. రైలు తప్పేం లేదు, రాసిన వేళకే వచ్చేది. గంటా తన వేళకే కొట్టేది. మధ్యలో మనిషే ఎర్రసిరాలో పడేవాడు. మందిర్ హసౌద్ వైపు నుంచి పెద్ద రైల్లో మధ్యాహ్నమే దిగేవాళ్ళందరూ నల్లపిక్కలే. వాడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మనుషుల్లో తేడా లేదు, రైళ్ళలోనే తేడా.

గేటు సిపాయిలని అడిగితే, అవును బాబూ, చీకటి పడ్డాక వచ్చి గేటు కొడతారు, పొద్దున్న లోపలికి తీసుకుంటాం, ఆలస్యం ఆలస్యమే కదా అన్నారట. ఆ మాట వాడు నాకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. మూడేళ్ళు వాళ్ళందరినీ రాలేదని రాసింది వాడే.

మూడో పిడత తెచ్చాము. రైలు వల్ల ఆలస్యమై, వచ్చేసినవాళ్ళు అందులోకి. వాళ్ళు పోగా నిజంగా తిరిగి రానివాళ్ళ పిక్కలు నా అరచేతిలో పట్టేశాయి. ఆ కాసినీ తీసి పారెయ్యరా, లెక్క శుభ్రంగా ఉంటుంది అన్నాను. ఇంత బతుకూ బతికి నేనన్న తెలివితక్కువ మాట అది. వాడికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"వాళ్ళని దాచెస్తే మిగిలినోళ్ళని ఎవరు నమ్ముతారమ్మా? కారణం తెలీకుండా పిక్క వెయ్యకు, తెలిసింది తియ్యకు. తెలీకపోతే తెలీదని రాయాలి గాని, రాలేదని రాయకూడదు."

ఈ మాట నాకు కంఠతా వచ్చేసింది.

వాడు అడిగింది చాలా చిన్నది. గేటు గంట చిన్న రైలు వచ్చేదాకా జరపండి. లేకపోతే కాగితంలో ఇంకొక్క గడి గీయండి, ఆలస్యానికి కారణం రాయడానికి. అంతే. ఒక గీత. దానికోసం ఏడాది తిరిగాడు. వాడి పైనున్న పెద్ద గుమాస్తా, రాయడం నీ పని, ఆలోచించడం నీ పని కాదు అన్నాడు. ఇంకొకాయన, వాళ్ళు ఇంటి దగ్గర ఏం చేస్తారో నువ్వు చూశావా అన్నాడు. దాంతో వాడు తన సెలవులన్నీ పెట్టుకుని ఒక్కో ఊరూ వెళ్ళి చూడడం మొదలెట్టాడు. ఎవరు పొలం దున్నారు, ఎవరు తాగి పడుకున్నారు, ఎవరింట్లో తిండి ఉంది, ఎవరిని ఊరు రానిచ్చింది, అన్నీ రాసేవాడు. మంచీ రాసేవాడు, చెడూ రాసేవాడు.

చివరికి జైలు పెద్దసాబు ఒక మాటకి ఒప్పుకున్నాడు. ఈ వానాకాలం నాట్లకి ఆ లైను మనుషుల్ని కొందరిని పంపి చూద్దాం. అందరూ గంట లోపల వస్తే నీ కాగితం నేనే పైకి పంపుతాను. ఒక్కడు తప్పినా ఫైలు మూసేస్తాను, మళ్ళీ అడగకు, అన్నాడు. ఒక్కడు తప్పినా అనే మాట దగ్గరే నా మనసు కీడు శంకించింది. వాడు మాత్రం గంతులేస్తూ ఇంటికి వచ్చాడు.

వాడు చేసిన ఏర్పాటు ఇదీ. సెలవులో ఒక రోజు వదులుకుని ముందు రోజు రైలెక్కి వచ్చేయండి, మా ఇంటి అరుగు మీద పడుకోండి, పొద్దున్నే గేటుకి వెళ్ళిపోదాం అని ఒక్కొక్కరికీ చెప్పాడు. వాళ్ళు అలాగే వచ్చారు. నేను సాయంత్రం అరుగు ఊడ్చి గోనెపట్టాలు పరిచేదాన్ని. గుఢియారీ బజారు నుంచి వాడు మరమరాలు తెచ్చేవాడు. ఎదురింటావిడ మొదటి రోజు తలుపు గడియ పెట్టుకుంది. మూడోసారికి, "ఇవాళ మీ అల్లుళ్ళు ఎంతమంది వదినా?" అని ఒక గిన్నెలో పచ్చడి పంపింది. ఒకతను పడుకునే ముందు నా చెంబులన్నీ తోమి బోర్లించాడు. ఇంకొకతను నిద్రపట్టక, గంట ఎప్పుడు కొడతారు దాయీ అని తెల్లారేదాకా అడుగుతూనే ఉన్నాడు. అందరూ వెళ్ళారు, వేళకి. ఒక్కడు మిగిలాడు.

ఆ చివరి మనిషిది అన్నిటికన్నా దూరపు పల్లె. ముసలి తల్లి, ఆమెకి చూపు లేదు. ఆ ఊరు కూడా చూసి రాసేస్తే కాగితం పూర్తవుతుందని మా వాడు వానలో బయల్దేరాడు. వద్దన్నాను. "నాలుగు రోజులమ్మా, అతన్తోనే రైలెక్కి వచ్చెస్తాను" అన్నాడు. గొడుగు నేనే చేతికిచ్చాను.

అక్కడ రెండో రోజుకే జ్వరం. ఆస్పత్రి దూరం, మధ్యలో వాగు పొంగి ఉంది. ఆ మనిషి దాటించబోతే ఎడ్లు నీళ్ళలో దిగలేదట. ఇంట్లో ఉన్న ఒక్క నులకమంచం మీద మా వాడిని పడుకోబెట్టి తల్లీ కొడుకూ చూసుకున్నారు. బుధవారం వచ్చింది. మా వాడు రైలు దాకా కదిపే స్థితిలో లేడు. ఆ రైలెక్కితేనే ఆ మనిషి గురువారం గంటకి గేటు లోపల ఉంటాడు.

ఆ తరవాత జరిగింది నాకు ఆ మనిషే చెప్పాడు. జైల్లో ఒక్కసారి చూడనిచ్చారు నన్ను. కమ్మీల అవతల నిలబడి తల వంచుకుని చెప్పాడు. మా వాడు ఒళ్ళు కాలిపోతూ కూడా, నువ్వెళ్ళు, రైలు పోతుంది, నువ్వెళ్ళు అని ఒకటే పాట. సరే వెళ్తున్నానని సంచీ భుజాన వేసుకుని ఇతను బయటికి వచ్చాడు. గోడ వెనక కూర్చున్నాడు. దూరంగా రైలు కూసింది. లోపల మా వాడు, ఎక్కాడా అని అడిగాడు. చూపులేని ఆ ముసలమ్మ, ఎక్కేశాడు నాయనా, అప్పుడే వెళ్ళిపోయాడు అంది. అది విని మా వాడు అటు తిరిగి పడుకున్నాడట. ఇతను గోడ వెనక నుంచి అడుగు చప్పుడు కాకుండా తిరిగి వచ్చి, తలవైపు, వాడికి కనపడని చోట కూర్చుని విసురుతూ ఉన్నాడు. గురువారం మధ్యాహ్నం వాడు పోయాడు. ఇతను బండి కట్టి, రైలు కట్ట పక్క దారినే రాత్రంతా తోలుకుని వచ్చాడు.

"ఎందుకుండిపోయావయ్యా?" అని అడిగాను.

"ఇంటికొచ్చిన మనిషిని మంచం మీద వదిలి లేచిపోతామా దాయీ" అన్నాడు. మళ్ళీ తనే, "గేటు దగ్గర సిపాయి నవ్వాడు. ఈసారి మీ రైలు ఒక రోజు లేటా అన్నాడు. నేనేం చెప్పలేదు" అన్నాడు.

ఏం చెప్పలేదు. అదే నా మంట. అతనేం చెప్పలేదు, వీళ్ళేం అడగలేదు.

నేను ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి బల్ల మీద కూర్చోబెట్టారు, సాయంత్రం దాకా. రెండోసారి పెద్ద గుమాస్తా మా వాడు చాలా మంచివాడన్నాడు. మంచివాడని నాకు తెలియదా? దానికోసమా నేను వెళ్ళింది? మూడోసారి పెద్దసాబు దగ్గరికి పంపారు. ఆయన లేచి నిలబడి కుర్చీ వేయించాడు. ఆయన చెడ్డవాడని నేను రాయను. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆ మనిషి పారిపోలేదు సాబ్. నా కొడుకు దగ్గర ఉన్నాడు. శవాన్ని నా గుమ్మం దాకా తెచ్చి, తనంతట తనే మీ గేటుకి వచ్చాడు. అది రాయండి.

"ఎక్కడ రాయను మాతాజీ?" అన్నాడు. రిజిస్టరు నా వైపు తిప్పాడు. "వచ్చాడా, రాలేదా. కారణానికి గడి లేదు."

"ఆ గడి అడగడానికే కదా సాబ్ వాడు ఆ ఊరు వెళ్ళింది" అన్నాను.

ఆయన టీ తెప్పించాడు. నేను తాగలేదు. పరీక్ష తప్పింది, మాట మాటే, ఆ లైనుకి సెలవులు ఆపమని పైనుంచి కూడా వచ్చేసింది అన్నాడు. ఆ మనిషికి ఇక శిక్ష పూర్తయ్యేదాకా సెలవు లేదట. మళ్ళీ ఆ ముసలమ్మ చెయ్యి వేసి తడమడానికి అతను దొరకడు. వచ్చేటప్పుడు వాడి సామాను అని ఒక మూట ఇచ్చారు. కలం, పాత కోటు, ఎర్రసిరా బుడ్డి, ఏడాది పాటు రాసిన ఆ కాగితాల కట్ట. సామానులో కలిపేశారు దాన్ని. దారం ముడి ఎలా వేశాడో అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు.

వాడి మీద కూడా నాకు కోపమే. ఎవరి కోసం వానలో వెళ్ళావురా అని ఖాళీ ఇంట్లో తిడతాను. నా మీద ఇంకా కోపం. ఆ సాయంత్రం నోరు మూసుకుని ఎసరు పెట్టుకుని ఉంటే, గంటేమిటి కూతేమిటి అనకపోతే, వాడు ఇవాళ ఎదురింటావిడకి జవాబు చెబుతూ గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. మళ్ళీ అనుకుంటాను, చెప్పకపోతే వాడు ఇంకా ఆ ఎర్రసిరాతోనే రాస్తూ ఉండేవాడు కదా అని. ఏ వైపూ తేలదు.

ఆ కట్ట మా ఇంట్లో ఉంది. చదువుకున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఎవరైనా వచ్చి విప్పి చదవండి. తప్పుంటే తప్పని చెప్పండి, వాడు ఒప్పుకునేవాడు. చదవకుండా మాత్రం మూసేయకండి.

మూడు పిడతలూ గూట్లో ఉన్నాయి. ఆ చివరి మనిషి పిక్క నా దగ్గర ఉంది. వచ్చినవాళ్ళలో వేద్దామంటే వేళకి రాలేదు. రానివాళ్ళలో వేద్దామంటే నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రైలు వల్ల ఆలస్యమైనవాళ్ళలో వేద్దామంటే, రైలు వచ్చింది, కూసింది కూడా, అతనే ఎక్కలేదు. కారణం తెలియకుండా వేయొద్దన్నాడు. నాకు కారణం తెలుసు. ఆ కారణాన్నే ఫొటో కట్టించి, గూడెదురుగా నిలబెట్టి దండ వేసి ఉంచాను.

ఆ పిక్కని కొంగున ముడి వేసుకున్నాను. రోజూ సాయంత్రం దాన్ని విప్పి చూసి మళ్ళీ కట్టుకుంటాను.

నిన్న కూడా గేటు గంట కొట్టింది. నేను అరుగు ఊడ్చాను. గోనెపట్టాలు దులిపి పరిచాను. కాస్సేపటికి చిన్న రైలు కూసింది. స్టేషను నుంచి మా వీధికి మనిషి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాను. వీధి మలుపు దాకా ఖాళీగా ఉంది. ఎదురింటావిడ దీపం పట్టుకుని వచ్చి, పట్టాల చివర కూర్చుంది.